ఆకుపచ్చ ముసుగు

తమ్ముడి వీడియోల్లో కప్పులు గాల్లో తేలేవి, కుర్చీలు నడిచేవి. వాటిని మోసేది అక్క. ఆకుపచ్చ తెర ముందు, తల నుంచి కాలి దాకా ఆకుపచ్చ ముసుగు తొడుక్కుని నిలబడేది. ఎడిటింగ్‌లో ఆ రంగు తీసేస్తే, తెరతోపాటు అక్క కూడా మాయమయ్యేది.

"ఒక్కసారి నా మొహం కూడా చూపించరా," అనేది.

"నువ్వు కనిపిస్తే ఇక మాయేముందక్కా?" అనేవాడు. చప్పట్లన్నీ వాడికి, ముసుగులో ఉడికిపోవడం ఆమెకి.

అక్క పోయాక ఫ్రేము కట్టిద్దామంటే ఒక్క ఫోటో దొరకలేదు. ఏ వీడియో చూసినా ముసుగే.

ఇవాళ మొదటిసారి ఆకుపచ్చ తెర ముందు ఒంటరిగా వీడియో తీశాడు. బల్ల మీద కప్పు పెట్టి, పక్కన నిలబడి మాట్లాడాడు. దాన్ని గాల్లోకి లేపే పని తర్వాత ఎవరితోనైనా చేయించవచ్చులే అనుకున్నాడు.

రాత్రి ఎడిటింగ్‌కి కూర్చుని ఆకుపచ్చ రంగు తీసేశాడు. వీడియోలో కప్పు దానంతటదే లేచింది. అతని భుజం పక్కకొచ్చి ఆగింది. అక్క ఎప్పుడూ ఆపే చోటే.



రంగు తిరిగి తెచ్చాడు. తెర ముందు ఆకుపచ్చ ముసుగులో ఒక మనిషి. కప్పు కింద పెట్టి, మెడ దగ్గర ముసుగు అంచు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టింది.

తమ్ముడు గబుక్కున మళ్ళీ రంగు తీసేశాడు.

ఆకుపచ్చ తెర పోయింది. ఒళ్ళు పోయింది. ముసుగు లేచిన మేర, అక్క గడ్డం మాత్రం గాల్లో మిగిలింది.

ఆ తర్వాత పెదాలు బయటపడ్డాయి. నవ్వడం లేదు.