పదో పేరు

“ముందు ఇది చెప్పు సార్. నేర్చుకునేటోళ్లు మధ్యల ఎందుకు ఇడిసిపెడ్తరు?” కుర్చీలో కూర్చుంటూనే అడిగాడు సాయన్న.

కొత్తగా వచ్చినవాళ్లు ఫీజు అడుగుతారు, టైము అడుగుతారు. ఈ ప్రశ్న సంగీతం మాస్టారు శ్రవణ్ కుమార్‌ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“కొందరు చేతగాక పోతరు. కొందరు నా కోపానికి పోతరు.”

పక్క బల్ల దగ్గరున్న గుమస్తా మల్లేశ్ తల పట్టుకున్నాడు. గద్వాలలోని ఆ ప్రైవేటు కాలేజీలో సాయంత్రం పూట ఊళ్లోవాళ్ల కోసం ఆర్కెస్ట్రా క్లాసు నడుస్తోంది. వయొలిన్, ఫ్లూటు, తబలా, కీబోర్డు, ఎవరికి నచ్చింది వాళ్లు నేర్చుకుని అందరూ కలిసి వాయించాలి. ఈ ఏడాది పది మంది చేరితేనే క్లాసు ఉంటుందనీ, లేకపోతే దాంతోపాటు మాస్టారి కొలువూ ఉండదనీ యాజమాన్యం తేల్చేసింది. ఈ సాయంత్రంతో గడువు సరి. తొమ్మిది మంది చేరారు. పదో బేరం తనంతట తాను నడిచొచ్చి ఎదురుగా కూర్చుంటే, సరుకులోని లోపాలు చెప్పే మనిషిని మల్లేశ్ ఇదే చూడటం.

సాయన్నకు యాభై దాటాయి. ఇటిక్యాలలో పత్తి విత్తనాల వ్యాపారం. దుకాణం తమ్ముడికి అప్పజెప్పానని, సాయంత్రాలు తోచడం లేదని, ఫిడేలు నేర్చుకోవాలని ఉందని వచ్చీ రాగానే చెప్పాడు. సంచి మూతి దగ్గర ఎవడైనా మంచి గింజే ఉంచుతాడు. అడుగున చెయ్యి పెట్టి చూడనిదే కొననివాడు సాయన్న. క్లాసునూ అలాగే చూస్తున్నాడని మల్లేశ్‌కి అర్థమైంది.

ప్రశ్నలు ఆగలేదు. అర్థం కానివాడికి ఎన్నిసార్లు చెప్తారు? జీతం ఆలస్యమైన నెలలో క్లాసు ఎగ్గొట్టారా? ఇంతకన్నా మంచి కొలువు దొరికితే వీళ్లను నడిమధ్యలో వదిలేసి పోతారా? శ్రవణ్ విసుక్కోలేదు. అర్థమయ్యేదాకా చెప్తానన్నాడు. జీతం రాని నెలల్లోనూ వచ్చానన్నాడు. మంచి కొలువు దొరికితే పోతాననీ, కానీ ఏడాది పూర్తయ్యాకే పోతాననీ అన్నాడు.

“కోపం అన్నవు. తిడ్తవా?”

“తిడ్త. మల్ల నేనే పిలిచి మంచిగ చెప్త.”

సాయన్న తలాడించి, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఉంగరపు వేలు కట్టెలా నిలబడి ఉంది. ఎప్పుడో పత్తి జిన్నింగు మిల్లులో మిషను బెల్టులో పడి నలిగిందట.

శ్రవణ్ ఆ వేలిని పట్టుకుని వంచబోయాడు. వంగలేదు. మల్లేశ్ గట్టిగా దగ్గాడు. శ్రవణ్ అటు చూడలేదు.

“ఈ చేతికి ఫిడేలు రాదు సేటూ. తీగ మీద ఈ వేలు గూడ ఆడాలె. కావాలంటే తాళాలు నేర్పిస్త.”

“తాళాలు నాకొద్దు. ఫిడేలు జర కష్టపడితే గూడ రాదా?”

“రాదు. వస్తదని చెప్తే మీ పైసలు గుంజినట్టయితది.”

మల్లేశ్ ఇక ఆగలేకపోయాడు. లేచొచ్చి ఉన్న సంగతంతా సాయన్న ముందు పెట్టాడు. ఒక్క పేరు తక్కువైతే సారు మళ్లీ వనపర్తికి పోయి, పండగల మండపాల్లో కీబోర్డు వాయించుకుంటూ తిరగాలన్నాడు. తల్లిని ఈ మధ్యనే ఇక్కడికి తెచ్చుకున్నాడనీ, అద్దె గదిలో ఇంకా సామాను కూడా సర్దుకోలేదనీ చెప్పాడు. శ్రవణ్ ముఖం ఎర్రబడింది.

వ్యాపారికి దారులకు కొదవా?

“అట్లయితే ఒక పని చేద్దాం. నా పేరు రాస్కోండ్రి. ఫీజు కడ్త. నేను రాను. మీ లెక్క నిండుతది, నాకు పుణ్యమొస్తది.”

మల్లేశ్ అప్పటికే పెన్ను మూత తీశాడు.

శ్రవణ్ కిటికీ వైపు చూశాడు. అవతల హాల్లో తొమ్మిది మందీ కూర్చుని ఉన్నారు. ఎవరో ఫ్లూటు ఊదుతూ ఒకే దగ్గర తడబడుతున్నారు. పెన్ను మీదికి చూపు పోయింది, వెనక్కి వచ్చింది.

“వద్దు సేటూ.”

“ఎవరికేం నష్టం సార్?”

“ఇయ్యాల పేరు రాస్తే రేపటి సంది హాజరు గూడ రాయాలె. రోజూ ఒక అబద్ధం. తప్పు స్వరం వాయించొద్దని వాళ్లకు చెప్పుకుంట, ఈడ కూసోని నేను గదే పని చేస్తుంటే ఏం బాగుంటది?”

“కొలువు పోతది.”

“పోతది.”

మల్లేశ్ పెన్ను మూత పెట్టేశాడు. ఇసొంటి మనిషితోని ఎట్ల ఏగుడు అని గొణిగాడు. శ్రవణ్ లేచి సాయన్నకు దండం పెట్టి, క్లాసు లేదన్న మాట చెప్పడానికి హాల్లోకి వెళ్లాడు. కాసేపటికి ఫ్లూటు ఆగిపోయింది.

సాయన్న బయటికొచ్చాడు. కాలేజీ గేటు ముందు ఆటోవాడు బస్టాండుకా అని అడిగితే ఉండమన్నాడు. జేబులోంచి సెల్లు తీసి ఇంటికి కలిపాడు. పొద్దటి నుంచీ ఆ ఫోన్ కోసమే కాచుకున్నట్టు భార్య పూర్ణిమ వెంటనే ఎత్తింది. పోయిన పని ఏమైందని అడిగింది.

“క్లాసు మూసేసిన్రు. పంతులుకు కొలువు గూడ పోయింది.”



“అయ్యో. మరెట్ల?” అంది పూర్ణిమ.

సాయన్న వెనక్కి తిరిగి హాలు కిటికీ వైపు చూశాడు. శ్రవణ్ ఒక్కడే హాల్లో కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్నాడు.

“మన పిల్లను ఇతనికే ఇద్దాం.”