పద్నాలుగో రౌండు

"ఈసారి మానేద్దామే లొరెట్టా. చర్చి హాలు మెట్లు మంచుకి జారుతున్నాయట. ఆ పాత హీటరు ఇవాళో రేపో పేలుతుంది. నా మాట విను."

తల్లి అసుంటా కూతురికి ఎదురుగా నిలబడి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. లొరెట్టా తల్లి పెదాల వంకే చూసి నవ్వింది.

"ఏటా పేలుతుందనే అంటావు. ఇంతవరకూ అది సరిగ్గా వేడెక్కనే లేదు. కోటు వేసుకో, పద."

ఐదో ఏట జ్వరమొచ్చి లొరెట్టాకి రెండు చెవులూ పోయాయి. ఇప్పుడామెకి యాభై నాలుగు. పెదాలు చూసి మాట పట్టేస్తుంది. వీధికి అటుపక్క మాంసం కొట్లో నున్సియోని పెళ్ళాం ఏమని తిడుతోందో, ఇటుపక్క కిటికీలోంచి చూసి తల్లికి పొల్లుపోకుండా చెప్పగలదు.

అసుంటా భయం మెట్లకీ కాదు, హీటరుకీ కాదు. సినిమాకి.

ఆ బాక్సింగ్ సినిమా దక్షిణ ఫిలడెల్ఫియాలో, వాళ్ళ వీధుల్లోనే తీశారు. ఆఖరి పోటీకి జనం కావాలంటే పేటంతా వెళ్ళి కూర్చుంది. దాదాపు యాభై ఏళ్ళయింది. ఇప్పటికీ ఏటా జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో దాన్ని వేస్తారు. హీరో గెలిచాడా ఓడాడా ఎవరికీ పట్టదు. తెర మీది జనంలో తమ పోయినవాళ్ళు కనబడగానే పేరు పెట్టి పిలుస్తారు. అందుకే వస్తారు.

ఆ జనంలో అసుంటా కూడా ఉంది. పద్నాలుగో రౌండులో, పక్కింటి ఫిలొమినా పక్కన, మూడే మూడు క్షణాలు.

ఆ రోజు పిల్ల జ్వరంతో ఉంది. నాలుగు రోజులుగా మంచం పక్కన కూర్చుని కూర్చుని అసుంటాకి విసుగొచ్చింది. ఫిలొమినా వచ్చి, "ఒక్క గంటేనే, మీ అత్త చూసుకుంటుందిలే" అంది. వెళ్ళింది. గంట కాస్తా మూడు గంటలైంది. తిరిగొచ్చేసరికి అత్త కునుకు తీస్తోంది. మందు సీసా ఎక్కడిదక్కడే ఉంది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

వారం తిరక్కుండా పిల్లకి వినపడడం మానేసింది. మందు వేళకి పడుంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. అసుంటా అడగనూ లేదు. ఆ షూటింగులో ఏమని అరిచిందో కూడా ఆమెకి గుర్తు లేదు. అందరూ అరిచిందే అరిచి ఉంటుంది. ఆ సాయంత్రం గొంతు బొంగురుపోయి ఉండడం మాత్రం బాగా గుర్తు. కన్నబిడ్డ ఇంట్లో మూలుగుతుంటే, తను వెళ్ళి ఎవడో బాక్సరు కోసం గొంతు చించుకుంది!

"నీ పక్కనే ఉన్నానమ్మా ఆ రోజంతా" అని కూతురికి చెప్పింది. ఆ అబద్ధం అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్ళూ అరిగిపోయిన ఫిల్ము కాపాడింది. మొహాలన్నీ అలికేసినట్టుండేవి. అదీ చాలక, పద్నాలుగో రౌండు రాగానే అసుంటా కళ్ళద్దాలు కింద పడేసుకునేది. లొరెట్టా వంగి వెతికేది. లేచేసరికి పదిహేనో రౌండు.

ఈ ఏడాది సినిమాని కడిగి కొత్తది చేశారట. బుగ్గ మీది పుట్టుమచ్చ కూడా కనబడుతుందట. పైగా ఫిలొమినా నవంబరులో పోయింది. హాలు హాలంతా ఆవిడ కోసం సరిగ్గా అక్కడే చూస్తుంది.

"అదిగో మా నాన్న!" చర్చి హాల్లో తెర వైపు చెయ్యి చూపిస్తూ నున్సియో కుర్చీలోంచి లేచాడు. "ఏం నాన్నా, ఇంకా ఆ టోపీయేనా?"

"టోపీ సంగతి తర్వాత. అరువు పట్టుకెళ్ళిన మా నిచ్చెన ఎక్కడ పెట్టాడో అడగవయ్యా!" వెనకనుంచి ఎవరో అరిచారు. హాలు గొల్లుమంది.

పద్నాలుగో రౌండు గంట మోగింది. అసుంటా కళ్ళద్దాలు జారవిడిచింది.

లొరెట్టా వంగలేదు. తల్లి చెయ్యి పట్టుకుని తెర వంకే చూస్తూ కూర్చుంది.

"ఫిలొమినా!" హాలంతా ఒక్క గొంతై పిలిచింది.

ఆ పక్కన ఆకుపచ్చ తలగుడ్డ. కళ్ళద్దాలు లేకపోయినా అసుంటా తనని తాను పోల్చుకుంది. మొహం మసక. తెరిచిన నోరు మాత్రం తెలుస్తోంది. బాక్సరు పేరుతో హాలు గోడలు అదిరిపోతున్నాయి.

"పక్కన నువ్వే కదే అసుంటా!" నున్సియో అరిచాడు. "నోరు చూడు, ఊరంతా పట్టేట్టుంది!"

సినిమా అయ్యాక వరండాలో బెంచీ మీద కూతుర్ని వెలుతురు వైపుకి తిప్పి కూర్చోబెట్టింది అసుంటా. ఇక దాచి లాభం లేదు.

"ఆ రోజు నేను నీ దగ్గర లేనే. అక్కడున్నాను. చూశావుగా. నీకు మందు పడలేదు. నీ చెవులు తీసింది నేనే. తిట్టు, కొట్టు, ఇంట్లోంచి పొమ్మను. ఏదో ఒకటి అను తల్లీ."

జనం కోట్లు వేసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బయట బస్సొకటి వచ్చి ఆగి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది. అదీ వెళ్ళింది. లొరెట్టా హాల్లో ఏరి జేబులో వేసుకున్న కళ్ళద్దాలు తీసి, తన మఫ్లరుతో తుడిచి, తల్లి ముక్కు మీద పెట్టింది.

అప్పుడు నోరు విప్పింది.

"నాకు పన్నెండేళ్ళప్పుడు ఫిలొమినా ఆంటీ వాళ్ళింట్లో ఈ సినిమా వీడియో టేపు ఆపి ఆపి చూశానమ్మా, అందరి నోళ్ళూ ఆ బాక్సరు పేరే అరుస్తున్నాయి, నీ ఒక్క నోరే 'తప్పుకోండి, దారివ్వండి, నా పిల్లకి మందేసే వేళయింది' అని అరుస్తోంది."