వాటా అడగని చెల్లెలు

"కత్తెర అక్కడ పెట్టి లే. ఇక ఈ కొట్టుతో నీకు సంబంధం లేదు," అన్నాడు పెద్దన్నయ్య, బల్ల మీద బట్ట కత్తిరిస్తున్న చిన్నన్నయ్య కూతురితో. దర్జీ కొట్టు మా నాన్నది. ఆయన పోయి నెలైనా కాలేదు.

"తాత నాకు పని నేర్పిన కొట్టు కదా, పెదనాన్నా!"

"మీ నాన్న తాతకంటే ముందే పోయాడు. కొడుకును నేనుండగా మనవరాలికి వాటా రాదు. షరియత్ మాట, నేను చెప్పింది కాదు."

పంపకాల కోసం పిలిపించిన ఇమాం గారు తల దించుకున్నారు. "నిజమేనమ్మా. తాత వీలునామా రాసుంటే ఆస్తిలో మూడో వంతు దాకా నీకు వచ్చేది."

"నాన్న రాస్తానంటే, 'నేను లేనా, కాగితమెందుకు' అని ఆపింది నువ్వే కదన్నయ్యా!" అన్నాను.

అన్నయ్య టీ జుర్రుతూ నా ముందుకో కాగితం తోశాడు. "వాటా వద్దని నువ్వూ సంతకం పెట్టేయ్. ఆడపిల్లలు పుట్టింట్లో వాటాలడుగుతారా?"

నిన్నైతే పెట్టేసేదాన్నే. ఇవాళ ఆ కాగితం వెనక్కి తోశాను.

"ఇమాం గారూ, కూతురికెంత?"

"కొడుక్కి వచ్చేదాంట్లో సగం."

జుర్రడం ఆగింది.

"షరియత్ మాట అన్నయ్యా, నేను చెప్పింది కాదు," అని కత్తెర తీసి పిల్ల చేతిలో పెట్టాను. "కత్తిరించమ్మా. ఆ బల్ల నా వాటాలోది."