గూడ్సా, ప్యాసింజరా?

అన్సెల్మ్ మళ్లీ ఇంజిన్ దిగాడు.

బండి నీళ్ల కోసం ఆగింది. ఇంజిన్ నీళ్లు తాగేలోపు డ్రైవరు నూనె డబ్బా పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఇరుసులు వేడెక్కాయేమో చెయ్యి వేసి చూసుకుంటాడు. మళ్లీ ఎక్కేస్తాడు. ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న ఈ లొరేన్‌లో ఏ డ్రైవరైనా చేసేది అంతే. అన్సెల్మ్ మాత్రం ఆ పని కాగానే పెట్టెల వెంబడి నడుచుకుంటూ పోతాడు. మూసి ఉన్న ప్రతి తలుపునీ వేళ్ల కణుపులతో తడతాడు. చెవి ఆనించి వింటాడు. ఇంకో పెట్టె దగ్గరికి పోతాడు.

పైనుంచి చూస్తున్న ఫైర్‌మన్ జిల్ పళ్లు నూరాడు.

"లోపల సిమెంటుంది పెద్దాయనా! సిమెంటు పలకదు!"

అన్సెల్మ్ చెవిన పెట్టలేదు. పొగమంచులో అతని నీలం కోటు కనబడకుండా పోయింది. చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. టక్ టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్ టక్.

ఇంజిన్ల షెడ్డులో అందరూ నవ్వుకునేది దీని గురించే. డ్యూటీ ఎక్కే ముందు అన్సెల్మ్ అడిగేది ఒకటే ప్రశ్న. "గూడ్సా, ప్యాసింజరా?" గూడ్సు అంటే చాలు, మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

"ఏదైతే నీకేమయ్యా? నీ ఇంజిన్‌కి లేని బాధ నీకెందుకు?" అంటాడు ఫోర్‌మన్.

ఆ మాట నిజమే. యుద్ధం అయ్యాక షెడ్లు ఖాళీగా ఉంటే, అమెరికాలో చేయించి ఓడల మీద తెప్పించిన రకం అది. పొద్దున ప్రయాణికుల్ని లాగుతుంది, సాయంత్రం బొగ్గు లాగుతుంది. ఇన్నేళ్లుగా గొడ్డులా చాకిరీ చేస్తోంది. వెనక ఏం తగిలించారో దానికి పట్టదు.

అన్సెల్మ్ కూడా యుద్ధం తర్వాతే ఎక్కణ్ణుంచో బదిలీ మీద వచ్చాడు. అంతకుముందు సంగతి అడిగితే నోరు విప్పడు. నోరు విప్పనివాడి కథ ఊరే అల్లుతుంది కదా. జర్మన్లు మనుషుల్ని గూడ్సు పెట్టెల్లో కుక్కి, బయట గడియలేసి సరిహద్దు అవతలి చావు శిబిరాలకి తోలిన రోజుల్లో, అలాంటి బండి ఒకటి ఇతను నడిపాడని గుసగుసలు. అందుకే చచ్చినవాళ్లు ఇతన్ని పిలుస్తున్నారట.

అలాంటివాడు ఏరికోరి జిల్‌నే ఫైర్‌మన్‌గా అడిగాడు. "బాస్తియాన్ కొడుకుని నాకివ్వండి" అన్నాడు. జిల్ తండ్రి బాస్తియాన్ ఆ షెడ్డులో పేరు మోసిన డ్రైవరు. పోయి అయిదేళ్లయింది. శవపేటిక మోసినవాళ్లలో అన్సెల్మ్ కూడా ఉన్నాడు. "మా నాన్నలాంటి డ్రైవరు ఇంకొకడున్నాడా?" అని జిల్ గొప్పలు పోయినప్పుడల్లా, "లేడు" అని అన్సెల్మ్ కాఫీ సీసా అతని వైపు జరిపేవాడు.

డ్రైవరూ ఫైర్‌మనూ జోడీ కడితే అక్కడ పెళ్లి లెక్క. ఇద్దరిలో ఒకరు వద్దంటే తప్ప విడదీయరు. పొద్దున ఫోర్‌మన్ జిల్‌ని పక్కకి పిలిచాడు. "ఇవాళ కూడా ఆలస్యమైతే నువ్వొక్క మాట చెప్పు. ముసలాణ్ణి ఇంజిన్ దింపేసి యార్డులో పడేస్తా." ఇంజిన్ తప్ప ఇల్లూ వాకిలీ లేని మనిషికి అది ఉరిశిక్షే.

సిగ్నల్ ఎప్పుడో పడింది. అన్సెల్మ్ ఇప్పుడొస్తున్నాడు. జిల్ మెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక నావల్ల కాదు. ఫోర్‌మన్‌కి చెప్పేస్తున్నా."

"చెప్పు. నీ తప్పు లేదు."

"అందరూ అంటున్నది నిజమేనా? ఆ బండి నువ్వే నడిపావా?"

జిల్ అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అన్సెల్మ్ చేతులు తుడుచుకుంటూ నీళ్ల గొట్టం వైపు చూశాడు.

"ఆ బండి ఇక్కడే ఆగింది. లోపల్నుంచి తడుతున్నారు. డ్రైవరుకి వినపడింది. నూనె డబ్బాతో ఒక తలుపు దాకా వచ్చాడు. గడియ మీద చెయ్యి కూడా వేశాడు. తర్వాత వెనక్కి వెళ్లిపోయాడు."

"ఎలా వెళ్లగలిగాడు?"

"వీపుకి తుపాకీ పెట్టి ఉంచారబ్బాయ్. ఇంటి దగ్గర చిన్న కొడుకున్నాడు. నేనతన్ని తప్పు పట్టను."

"అతనంటావేంటి? 'నేను' అనడానికి నోరు రావట్లేదా? పెళ్లే కానివాడివి, నీకు కొడుకెక్కణ్ణుంచొచ్చాడు? మా నాన్నయితే సుత్తి పెట్టి ఆ గడియ బద్దలుకొట్టేవాడు! ఒళ్లంతా తూట్లు పడినా సరే!"

అన్సెల్మ్ తల వంచుకున్నాడు. "ఆలస్యమైంది. పద, పోనిద్దాం."

"నిజం చెప్పేదాకా బండి కదలదు. మా నాన్న మీద ఒట్టేసి చెప్పు, ఆ రోజు ఆ తలుపు దగ్గర నువ్వు లేవని."

"ఆ ఒట్టు వెయ్యలేను."

"అయితే ఉన్నావన్నమాట!" జిల్ అతని కోటు పట్టుకుని గుంజాడు. "ఛీ, ఇన్నాళ్లూ నీ చేతి కాఫీ తాగాను!"

ముసలాయన విడిపించుకోలేదు. ఆ కుర్రవాడి మొహంలోకే చూశాడు.

"ఉన్నాను నాయనా, తలుపుకి లోపలి వైపు, సందులోంచి చూస్తూ. బయట గడియ మీద చెయ్యేసి నిలబడ్డది మీ నాన్న."