ఒక్క చెయ్యి

పెళ్ళయ్యాక ముచ్చటపడి కుట్టించుకున్న కిటికీ తెరలు ఇంకా ఒక్క ఉతుకైనా చూడలేదు. అప్పుడే విప్పాల్సి వచ్చింది.

పాస్టరు స్టూలెక్కి తెరలు తీస్తున్నాడు. భార్య కింద నిలబడి స్టూలు పట్టుకుంది.

“కదపకు, నీ మీద పడతాను.”

“పడండి, కొత్తేం కాదుగా.”

నవ్వారు గానీ, నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చర్చి వెనకున్న ఈ ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నిన్న కమిటీ అతన్ని తీసేసింది.

చేసిన నేరం చిన్నదే. హాల్లో ముందు వరస కుర్చీలకి సంఘ పెద్దల పేర్లతో చీటీలు అంటించి ఉంటే పీకేశాడు. ముందొచ్చినవాళ్ళే ముందు కూర్చుంటారన్నాడు. దాంతో గొడవల మనిషని పేరు పడిపోయింది.

సంగతి తేల్చడానికి పైనుంచి పర్యవేక్షకుడు వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దయ్యగారంటారు. మెత్తని మనిషి. గొంతు పెంచడమే ఎరగడు. కుర్చీలు గుండ్రంగా వేయించి కమిటీని కూర్చోబెట్టాడు. పాస్టరు కూడా వాళ్ళ మధ్యే కూర్చున్నాడు.

“మనం దేవుని పనివాళ్ళం. వాదించుకోవద్దు. పాజిటివ్‌గా తేల్చుకుందాం,” అన్నాడు పర్యవేక్షకుడు. “అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి. పాస్టరుగారు ఉండాలనుకునేవాళ్ళు చెయ్యెత్తండి. ఎవరెత్తారో నేను బయటపెట్టను. రేపు మళ్ళీ ఒకరి మొహాలొకరు చూసుకోవాలి కదా.”

అందరూ తలలు వంచారు.

“ఒక్కటే చెయ్యి,” అన్నాడు చివరికి, పాస్టరు వైపు చూడకుండా.

ఆ తర్వాత అందరూ లేచి నిలబడి ఐక్యత మీద ఒక పాట పాడారు.

రెండో కిటికీ తెర విప్పుతుండగా కమిటీ కోశాధికారి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి అటూ ఇటూ చూశాడు.

“వందనాలు అయ్యగారూ. ఆ ఒక్క చెయ్యి నాదేనండి. మీరు కనిపెట్టే ఉంటారు. ఎక్కడా అనకండి, మళ్ళీ లేనిపోని గొడవలు.”

పాస్టరు స్టూలు దిగి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీ మేలు మరిచిపోను.”

అతను వెళ్ళాక భార్యకి కళ్ళు చెమర్చాయి.

“ఒక్కరైనా ఉన్నారండీ మనకి. పాపం, ఆయనకి నవ్వడం రాదని ఎంత వెక్కిరించాను.”

“నడక కూడా వెక్కిరించావు. చేసి చూపించావు.”

“దేవుడు చూళ్ళేదులెండి.”

ఇంతలో వంటింటి తలుపు చప్పుడైంది. పాటల బృందాన్ని నడిపే టీచరమ్మ. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది.

“కడుపులో దాచుకోలేక వచ్చాను అమ్మగారూ. చెయ్యెత్తింది నేనే. మిగతావాళ్ళవి రాతిగుండెలు. నేనొచ్చానని మాత్రం ఎవరికీ చెప్పకండి.”

పాస్టరు ఆమెకీ చేతులు జోడించాడు. ఆమె వెళ్ళేదాకా భార్య పెదవి బిగబట్టుకుని ఉంది.

“ఏమండీ. చెయ్యి ఒకటి, దాని యజమానులిద్దరు.”

“ఇద్దరూ మంచివాళ్ళే. ఆ గ్లాసులు కాగితంలో చుట్టు.”

గ్లాసులు చుట్టడం అయ్యేలోపే కార్యదర్శి ఫోన్ చేశాడు. అదే మాట. సండే స్కూలు మాస్టారు సామాన్లకి పనికొస్తుందని అట్టపెట్టె మోసుకొచ్చి మరీ అదే మాట చెప్పాడు. చివరికి, కుర్చీ మీది పేరు పోయిందని ఊరంతా యాగీ చేసిన సంఘ పెద్ద కూడా కారు దిగాడు.

“నా చెయ్యి నీకే లేచింది బాబూ. చీటీ పీకావని మనసులో పెట్టుకునే రకాన్ని కాను. ఎటొచ్చీ, నలుగురిలో అనలేను. నాయకుడన్నవాడు అందర్నీ కలుపుకుపోవాలి.”

“అవునండీ. మీ మేలు మరిచిపోను,” అన్నాడు పాస్టరు.

కారు కదలగానే భార్య తలుపు మూసింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

“మీకింకా అర్థం కాలేదా? అందరూ ఎత్తారు. పెద్దయ్యగారే ఒక్కటని అబద్ధమాడారు. అందుకే అందరి చేతా కళ్ళు మూయించారు.”

“అలా అనకు.”

“పదండి. ఆయన ఇంకా చర్చి అతిథి గదిలోనే ఉన్నారు, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతారు. వీళ్ళందర్నీ పిలిచి ఎదురుగా నిలబెడదాం. ఇల్లు మిగులుతుంది. మీ సేవ మిగులుతుంది. ఒక్కసారి గట్టిగా అడిగితే చాలు.”

“వద్దు.”

“మీ శాంతం చల్లగుండ. మెడపట్టి గెంటుతుంటే గిన్నెలు సర్దుకుంటారా? క్షమించడం వేరు, నోరు లేకపోవడం వేరండీ. చీటీలు పీకినప్పుడున్న ధైర్యం ఇప్పుడేమైంది?”

అతను తెర మడత పెడుతూనే ఉన్నాడు.

“మాట్లాడరేం? నేను పాస్టర్ని చేసుకున్నాననుకున్నాను. పిరికివాణ్ణి చేసుకున్నానా?”

ఆ మాటకి అతని చేతులు ఆగాయి. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుని గడియ మీద చెయ్యి వేసింది.

“మీరు రాకపోతే నేనే వెళ్తాను. ఇంతమంది ఇంటికొచ్చి అబద్ధం చెప్తారా?”

అతను వచ్చి గడియ మీంచి ఆమె చేతిని మెల్లగా తీశాడు. చాలాసేపు ఆ చేతిని వదల్లేదు.

“పెద్దయ్యగారు అబద్ధం ఆడలేదు,” అన్నాడు. “మధ్యలో నేను కళ్ళు తెరిచి చూశాను, ఒక్క చెయ్యీ లేవలేదు, అందుకని నాదే ఎత్తాను.”