షట్టరు లేపే మనిషి

"గా షట్టరు ఎవరు లేపిన్రు?"

కమలాకర్ గొంతు వినగానే గోదాములో పని ఆగింది.

షాద్‌నగర్ దగ్గరి ఆ విత్తనాల గోదాముకు అతను సూపర్‌వైజరు. బయట ముసురు పట్టింది. బస్తాలకు చెమ్మ తగిలితే మాట పడాల్సింది తనే.

షట్టరు లేపింది ఇస్రాయేలు. నెల కిందట గోదాముకు బస్తాలెత్తే సెకండ్‌హ్యాండ్ గ్యాస్ ఫోర్క్‌లిఫ్ట్ బండి వచ్చింది. ఆ మర్నాడే కూలికి చేరిన ముసలాయన.

"బండి నడిచేటప్పుడు గాలి ఆడాలె సార్. దాని పొగ మంచిది కాదు."

కమలాకర్‌కు నవ్వొచ్చింది. పాత డీజిల్ బండి నల్లగా పొగ కక్కి అందరి కళ్లూ మండించేది. ఆ బాధ పడలేకే వెనక సిలిండరు కట్టుకుని నడిచే దీన్ని తెచ్చారు. నడిపేది కమలాకర్ తమ్ముడు నరేషే.

"పొగ ఏడున్నది? జర చూపియ్యి."

"కనిపిస్తే మనమే బయటికి ఉరుకుతుంటిమి సార్."

మొండిఘటం. దించిన షట్టరును గంటకోసారి మళ్లీ లేపేవాడు. ముసురు పట్టిన మూడోనాడు కమలాకర్ ఒళ్లు మండి అతన్ని పనిలోంచి తీసేశాడు. పోతూ పోతూ ముసలాయన నరేష్ దగ్గర ఆగి, తల నొస్తే బండి దిగి బయటికి రమ్మని చెప్పాడు. సరే తాతా అని నరేష్ నవ్వాడు.

ముసురు వదల్లేదు. షట్టర్లన్నీ దించే ఉన్నాయి. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం హమాలీలు తలనొప్పి అనుకుంటూ అన్నానికి బయటికి పోయారు. మిగిలిన బస్తాలు సర్ది వస్తానన్నాడు నరేష్.

పిలవడానికి వెళ్లిన కమలాకర్‌కు స్టీరింగు మీద తల వాల్చిన తమ్ముడు కనిపించాడు. నిద్రపోయాడనుకుని భుజం తట్టాడు.

దవాఖానలో డాక్టరు సంగతి చెప్పాడు. మూసిన గోదాములో బండి వదిలిన విషవాయువే ప్రాణం తీసిందట. షట్టరు లేపి ఉంటే బతికేవాడట.

కర్మకాండలు అయ్యాక కమలాకర్, బండి అమ్మిన నల్లగొండ వీరేశానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. వీరేశం అంతా విన్నాడు.

"ఇస్రాయేలు ఆడ లేడా?"



"నీకెట్ల తెలుసు ఆయన?"

"ఆ బండికి మొదటి డ్రైవరు ఆయనే. ఆడనే బస్తాలు మోసే ఆయన కొడుకు, మూసిన షట్టరు లోపల, ఆ బండి పొగకే ఆయన కండ్ల ముందట పడి సచ్చిపోయిండు. గప్పటిసంది నేను ఆ బండిని ఎవరికి అమ్మినా, అడ్రసు అడుక్కొని ఆ గోదాముకే కూలికి పోతడు, షట్టరు లేపనీకే."