జాతి లక్షణం

పిల్లికి మూడోసారి షాంపూ పెట్టి, పెళ్ళాం దువ్వెనతోనే బొచ్చు దువ్వాడు పెద్దిరాజు. పక్కింట్లో అడిగి తెచ్చిన హెయిర్ డ్రయర్ పెట్టేసరికి వీధిపిల్లి కాస్తా దూదిబస్తాలా ఉబ్బింది.

"నాటుకోడిని జాతిపుంజని అమ్మి పోయినేడేగా తన్నులు తిన్నారు. మళ్ళీ ఇదేంటండీ?" అంది కాంతం.

"పుంజు బరిలోంచి పారిపోయింది గాబట్టి దొరికిపోయేను. పిల్లికి బరెక్కడుందే?"

పైకి అలా అన్నాడే గాని, లోపల బితుకుబితుకుమంటూనే ఉంది. ఈసారి పట్టుబడితే కేసు రాసి లోపలేస్తానని ఎస్సైగారు ముందే చెప్పి ఉంచారు.

అమలాపురంలో బుల్లెమ్మగారు పర్షియన్ పిల్లిని కొంటారని కొబ్బరి మార్కెట్లో విన్నాడు. ఆ మార్కెట్ వెనకే, పీచుగుట్ట పక్కన, ఒళ్ళంతా బురదతో ఈ పిల్లి కనబడింది. ముక్కు కాస్త చప్పిడిగా ఉంది, పనికొస్తుందని సంచిలో వేసుకుని రాజోలు బస్సెక్కేశాడు.

ఫోన్లో వీడియోలు చూసి ఆ జాతి లక్షణాలన్నీ బట్టీ పట్టాడు. చదువుకునే రోజుల్లో ఈ శ్రద్ధ ఉంటే ఈపాటికి కలెక్టరయ్యేవాణ్ణని తనలో తనే నవ్వుకున్నాడు. పిల్లికీ పాఠం చెప్పాడు. అదేం విడ్డూరమో గాని, చేపముక్క వేస్తే మొహం తిప్పుకుంది. ఎలుక ఎదురైతే దారిచ్చింది. ఒళ్ళోకి రమ్మంటే పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. తన శిక్షణకి తనే మురిసిపోయాడు పెద్దిరాజు. పెళ్ళాం కూడా తన మాట ఇంతలా ఎప్పుడూ వినలేదు మరి.

బుల్లెమ్మగారి వరండాలో బుట్ట దించి అందుకున్నాడు.

"అసలు సిసలు పర్షియనండీ. అరవదు, గోడలు దూకదు. అంతా రాజసమేనండి. మనిషిని మరిగిందంటే ఇంక ఆ ఒక్క మనిషేనండి. కొత్తవాళ్ళ ఒళ్ళోకి చచ్చినా ఎక్కదండి, ఆయ్."

"అలాగా? ఏదీ, వదులు."

పిల్లి ఒళ్ళు విరుచుకుని, తిన్నగా వెళ్ళి బుల్లెమ్మగారి ఒళ్ళోకెక్కి, గుర్రుగుర్రుమంటూ కళ్ళు మూసుకుంది.

పెద్దిరాజు ఖాళీ బుట్ట తీసుకుని జారుకోబోయాడు. వెనక్కి చూస్తే పాలేరు గేటుకి తాళం వేస్తున్నాడు. పుంజు బరిలో పరువు తీసింది, పిల్లి వరండాలో తీసింది. మనుషుల్ని మోసం చేసే తనని జంతువులు ఇంత తేలిగ్గా మోసం చేస్తున్నాయేమిటని ఏడుపొచ్చింది. అమాంతం కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిపోయిందండి అమ్మగారూ! ఇది పర్షియనూ కాదు, పాడూ కాదు. ఉత్త వీధిపిల్లండి! షాంపూ పెట్టి తెచ్చేనండి. పోలీసులకి చెప్పకండి!"

పుట్టి బుద్ధెరిగాక పెద్దిరాజు చెప్పిన మొట్టమొదటి నిజం అది.

బుల్లెమ్మగారు పిల్లి తల నిమురుతూ, తడి కళ్ళతోనే నవ్వారు.

"లేవవోయ్. నువ్వు మొదట చెప్పిందే నిజం. కొత్తవాళ్ళ ఒళ్ళోకి చచ్చినా ఎక్కదు మా ముత్యం. ఎత్తుకుపోయినవాడు అమ్మకానికి తెస్తాడనే, కొంటానని మార్కెట్లో చెప్పించేను."